పంజాగుట్టలో ఐలయ్య గారు కట్టిన గదులు

పంతొమ్మిది వందల ఎనభై నాలుగవ సంవత్సరం, ఆగస్టు పదహారవ తేదీన, అమీర్‌పేటలోని ‘సుబోధ టైపురైటింగ్ ఇన్‌స్టిట్యూట్’లో మరమ్మతు మెకానిక్‌గా శ్రీ గుండెబోయిన ఐలయ్య గారు ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. ఆయన నిజానికి ముందు రోజే వచ్చారని, స్వాతంత్ర్య దినోత్సవం సెలవు కారణంగా తలుపుకు తాళం వేసి ఉండటం చూసి, ఆ తాళం గట్టిదో కాదో ఒకసారి లాగి చూసుకొని మరీ వెనుదిరిగారని మన సంస్థలో ఒక కథ ప్రచారంలో ఉంది. ఇది నిజమో కాదో ఆయన ఇంతవరకు నోరు విప్పి చెప్పలేదు. ఆయన స్వభావం తెలిసినవారెవరూ దీనిని అబద్ధమని మాత్రం అనరు.

జనగామ ప్రాంతంలోని ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించి, ఐ.టి.ఐ.లో శిక్షణ ముగించుకొని, యూసుఫ్‌గూడలో ఒక ఇరుకు గదిని అద్దెకు తీసుకొని, ప్రతిరోజూ కాలినడకన అమీర్‌పేటకు వచ్చి పనిచేసిన ఆ తొలినాళ్ళలోనే ఐలయ్య గారి కార్యదీక్ష అందరి దృష్టినీ ఆకర్షించింది. ఏ టైపు మిషన్‌లో ఏ అక్షరం మొరాయిస్తుందో, ఏ విద్యార్థి ఏ మీటను కోపంగా బాదుతాడో ఆయనకు కంఠోపాఠం. మిషన్ చెడగొట్టిన విద్యార్థిని ఆయన కోప్పడేవారు కాదు. దాని ముందు కూర్చోబెట్టి, తాను మరమ్మతు చేస్తున్నంతసేపూ చూడమనేవారు. కోప్పడితేనే బాగుండేదని ఆ విద్యార్థులు తరువాత చెప్పుకొనేవారట.

తెనాలి నుండి నగరానికి వచ్చి ఈ సంస్థను స్థాపించిన మన డైరెక్టరు శ్రీ చలపతిరావు గారు, తొంభైల ఆరంభంలో టైపు మిషన్లను ఒక్కొక్కటిగా సాగనంపి, వాటి స్థానంలో కంప్యూటర్లను ప్రవేశపెట్టిన సంగతి విదితమే. ఆ మార్పును తట్టుకోలేక కొందరు మిత్రులు వేరే దారులు వెతుక్కున్నారు. ఐలయ్య గారు మాత్రం పగలంతా పనిచేసి, సాయంత్రం తాము తుడిచి అమర్చిన కంప్యూటర్ల ముందే చివరి వరుసలో విద్యార్థిగా కూర్చొని, తమకంటే పదిహేనేళ్ళు చిన్నవారైన ఉపాధ్యాయులను ‘సార్’ అని సంబోధిస్తూ విద్యనభ్యసించారు. ఒక దశాబ్దం తిరిగేసరికి, పంజాగుట్టలో మన రెండవ శాఖ ఆరంభమైనప్పుడు, అక్కడ నెలకొల్పిన సర్వర్ గదికి సర్వాధికారిగా నియమితులయ్యారు. ‘సర్వాధికారి’ అన్న మాటను ఈ వ్యాసకర్త అలంకారం కోసం వాడలేదు. ఆ గదిలోకి డైరెక్టరు గారు సైతం చెప్పులు విప్పి, అనుమతి అడిగి ప్రవేశించవలసి వచ్చేది.

ఆ రోజుల అమీర్‌పేట గురించి ఇక్కడ వేరుగా చెప్పనక్కరలేదు. మెట్ల మీద, వరండాల మీద, కరెంటు స్తంభాల మీద కోర్సుల పేర్లే. అన్ని జిల్లాల నుండి వచ్చిన యువతీ యువకులు హాస్టళ్ళలో ఇరుక్కొని, ఒక్క ఉద్యోగం కోసం పగలూ రాత్రీ కీబోర్డుల మీద వంగి ఉండేవారు. మన ప్రయోగశాల అమీర్‌పేటలో, దానికి ప్రాణాధారమైన సర్వరు పంజాగుట్టలో ఉండేవి. రెంటికీ మధ్య కంప్యూటర్లను కలిపే ఒక లీజు లైను, ఒక టెలిఫోను, షేరు ఆటోల్లో అటూ ఇటూ తిరిగే ఐలయ్య గారు అనుసంధానంగా ఉండేవారు. వీటిలో లైను తరచు తెగేది, టెలిఫోను అప్పుడప్పుడు మూగబోయేది. ఐలయ్య గారు మాత్రం ఏనాడూ అంతరాయం కలిగించలేదు.

అయితే, ఆయన ఔదార్యానికి ఒక్క విషయంలో మాత్రం హద్దు ఉండేది. సర్వరు పాస్‌వర్డ్ ఎవరికీ ఇచ్చేవారు కారు. డేటాబేస్ బోధనలో మన సంస్థకు పేరు తెచ్చిన శ్రీమతి వసుమతి గారు, శ్రీనగర్ కాలనీ నుండి వచ్చే దారిలో దాదాపు ప్రతిదినమూ పంజాగుట్టలో దిగి, ఈ విషయమై ఆయనతో వాదించేవారు. విద్యార్థులు డేటాబేస్‌ను ప్రశ్నలు అడిగి జవాబులు రాబట్టడం నేర్చుకుంటే చాలదని, డేటాబేస్ సర్వర్‌ను తమ చేతులతో నెలకొల్పడం, నడపడం, చెడిపోతే బాగుచేయడం కూడా తెలియాలని, అందుకు వారికి పూర్తి అధికారాలు ఉండాలని ఆమె వాదం. ఐలయ్య గారు ససేమిరా అనేవారు.

“ఏంటండీ ఐలయ్య గారూ, మా పిల్లలేమైనా దొంగలా?” అని ఆమె ఒకనాడు నొచ్చుకున్నారు.

“దొంగలైతె ఫికర్ లేదు మేడం. దొంగకు ఏం గావాల్నో వానికి ఎరుకుంటది. మంచోళ్ళకే తెల్వది, ఏం ముడుతున్నరో” అన్నారు ఐలయ్య గారు.

ఈ మాట వెనుక ఒక గాయం ఉంది. రెండువేల రెండవ సంవత్సరంలో ఒక తాత్కాలిక ఉపాధ్యాయుడు, ఎంతో సౌమ్యుడు, తన తరగతి అభ్యాసపు పట్టికలను శుభ్రం చేసుకుంటానని బతిమాలగా, ఐలయ్య గారు జాలిపడి పాస్‌వర్డ్ చెప్పారు. ఆ ఉపాధ్యాయుడు అభ్యాసపు పట్టిక అనుకొని చెరిపివేసినది ఆ ఏడాది చివరి పరీక్షల ఫలితాలను. దాచిన నకలు పరీక్షలకు ముందటిది కావడంతో, బ్యాచి మొత్తానికి మళ్ళీ పరీక్ష పెట్టవలసి వచ్చింది. మొదటిసారి చక్కగా ఉత్తీర్ణురాలైన సుమశ్రీ అనే అమ్మాయి రెండవ పరీక్షనాటికి జ్వరంతో ఉండి తప్పింది. ఆమె హాస్టల్ గది ఖాళీ చేసి, సంచీ తీసుకొని, బస్‌స్టాపు వైపు నడిచి వెళ్ళడం ఐలయ్య గారు అమీర్‌పేట శాఖ కిటికీలోంచి చూశారు. పరీక్షల విభాగంలో ఉన్నందున ఆ ఫలితాలను మళ్ళీ సిద్ధం చేసే పని ఈ వ్యాసకర్త మీదే పడింది. ఆ పని సాగిన నాలుగు రోజులూ ఐలయ్య గారు భోజనం డబ్బా తెరవలేదన్న సంగతి కూడా ఈ వ్యాసకర్తకు తెలుసు. ఆనాటి నుండి పాస్‌వర్డ్ అనే ఆ తలుపు ఎవరికీ తెరుచుకోలేదు.

రెండువేల ఐదవ సంవత్సరంలో ఆ తలుపు తట్టక తప్పని పరిస్థితి ఏర్పడింది. ఒక పెద్ద కంపెనీ వారు మన సాయంత్రపు బ్యాచి నుండి ఉద్యోగులను ఎంపిక చేసుకుంటామని, అయితే డేటాబేస్ సర్వర్‌ను స్వయంగా నెలకొల్పి నడిపినవారినే చూస్తామని కబురు పెట్టారు. ఉన్నదేమో ఒక్కటే మంచి సర్వరు. సంస్థ ప్రాణాలన్నీ దానిలోనే ఉన్నాయి. గురువారం నాడు చలపతిరావు గారు పంజాగుట్టకు వచ్చి, చెప్పులు విప్పి, లోపల కూర్చొని, చల్లగా చెప్పారు.

“సోమవారం నుంచి పిల్లలకి పూర్తి అధికారాలు కావాలి, ఐలయ్య గారూ. ఎలా ఇస్తారో మీ ఇష్టం. ఇవ్వలేమంటే చెప్పండి, బయట అద్దెకి సర్వర్లు తీసుకుంటాను, ఈ గది మూసేద్దాం. మీరు అమీర్‌పేట కౌంటర్లో అడ్మిషన్లు చూసుకుందురుగాని.”

“గట్లనే సార్” అని మాత్రం ఐలయ్య గారు అన్నారు. ఆయనకు ఆ గది ఎటువంటిదో చెప్పాలంటే, ఇరవై ఏళ్ళ కొలువులో పదిమంది నడుమ మసలిన మనిషికి తనదంటూ దక్కిన ఒకే ఒక్క చోటు అది. ఒకవైపు ఆ చోటు, మరొకవైపు ఆ తలుపు తెరవనని తనకు తాను చెప్పుకున్న మాట. ఆ రాత్రి ఇంట్లో ఆయన పళ్ళెం ముందు కూర్చొని పప్పన్నం కలిపి కలిపి అలాగే వదిలేశారని వారి సతీమణి సత్తెమ్మ గారు చెప్పారు.

మార్గం చూపినది వసుమతి గారే. ఒకే పెద్ద యంత్రం లోపల గోడలు కట్టి, వేరువేరు చిన్న సర్వర్లు ఉన్నట్టుగా విభజించే ఏర్పాటు ఒకటి ఉందని ఆమె చదివి వచ్చారు. లోపల ఉన్నవారికి అది పరిపూర్ణమైన సర్వరే. దానికి వేరే చిరునామా, వేరే వాడుకదారులు, వేరే సర్వాధికారాలు ఉంటాయి. తమ గదిలో వారు ఏదైనా నెలకొల్పవచ్చు, ఏదైనా కూల్చవచ్చు. గోడ దాటి బయటి యంత్రాన్ని గాని, పక్క గదిని గాని తాకలేరు. సాంకేతిక లోకంలో ఆ ఏర్పాటుకు ‘జైలు’ అని పేరు. చదువుకోవడానికి వచ్చిన పిల్లలను జైల్లో పెట్టామని బయట వినబడితే ఏమైనా బాగుంటుందా అని ఐలయ్య గారు ఆ పేరును తిరస్కరించి, వాటిని ‘గదులు’ అన్నారు. ఇప్పటికీ మన సంస్థలో అవి గదులే.

“గోడలంటున్నరు గద, ఎంత గట్టిగుంటయి?” అన్నది ఆయన మొదటి ప్రశ్న. తృప్తికరమైన సమాధానం లభించిన పిమ్మట, శని, ఆదివారాలు రెండూ ఆ పనికే వినియోగించాలని ఇరువురూ నిశ్చయించుకున్నారు.

శనివారం నాడు మొదటి గది లేచింది. యంత్రం లోపల ఒక మూలను ప్రత్యేకించి, అందులో సర్వర్‌కు కావలసిన సమస్త సరంజామాను అమర్చి, చిరునామా ఇచ్చి, తలుపు పెట్టి, ఐలయ్య గారు తామే అందులో ప్రవేశించి, గోడ దాటడానికి ఎన్ని విధాల వీలుంటుందో అన్ని విధాలా ప్రయత్నించి విఫలులయ్యారు. విఫలమైనందుకు అంతగా పొంగిపోయిన మనిషిని తాను మరెక్కడా చూడలేదని వసుమతి గారు అంటుంటారు. ఆదివారం ఉదయం, ఆ గదిలో డేటాబేస్ సర్వర్‌ను నెలకొల్పే కార్యక్రమం ఆరంభమైంది. తొలి అడుగులోనే అది ఆగిపోయింది.

డేటాబేస్ సర్వర్ నడవాలంటే, దానిలోని పలు విభాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి యంత్రపు జ్ఞాపకశక్తిలో కొంత ఉమ్మడి స్థలం కావాలి. ఆ స్థలం గదికి చెందదు; బయటి యంత్రానికి చెందుతుంది. గది గోడలు దానిని అడ్డుకున్నాయి. అటువంటి సదుపాయం ఇక్కడ లేదని తెర మీద ఒక్క వాక్యం కనిపించింది.

“చూసిండ్రా మేడం, గోడలు ఎంత గట్టిగున్నయో!” అన్నారు ఐలయ్య గారు సంబరంగా.

“గోడలు గట్టివేనండీ. లోపలున్నవాడికే ఊపిరాడటం లేదు” అన్నారు వసుమతి గారు.

దానికి పరిష్కారం ఆ ఏర్పాటును వివరించే గ్రంథంలోనే ఉంది. బయటి యంత్రం మీద ఒకే ఒక్క అనుమతిని మంజూరు చేస్తే, గదులకు ఆ ఉమ్మడి స్థలం అందుబాటులోకి వస్తుంది. ఆ పక్కనే ఒక హెచ్చరిక కూడా ఉంది. ఈ అనుమతి ఇచ్చినట్లయితే గదుల మధ్య ఏకాంతం ఆ మేరకు సడలుతుందని, ఒక గదివారు మరొక గదివారి జ్ఞాపకస్థలాన్ని స్పృశించే అవకాశం లేకపోలేదని దాని సారాంశం. ఐలయ్య గారు ఆ హెచ్చరికను చదివారు. మళ్ళీ చదివారు. కుర్చీలోంచి లేచి, కిందికి దిగి, ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో వెళ్ళి కూర్చున్నారు.

వసుమతి గారు కాసేపు వేచిచూసి, తామూ అక్కడికే వెళ్ళారు. ఎదురుగా ఫ్లైఓవర్ పనులతో రోడ్డంతా దుమ్ముగా ఉంది. సుమశ్రీ గురించి ఆయన ఆమెకు చెప్పినది అప్పుడే. అంతకు మునుపు ఆ ఉదంతాన్ని ఆమె వేరేవారి నోట వేరే విధంగా విన్నారు.

“గా పిల్ల మల్ల ఎన్నడు కనవడలే మేడం. నేను జర జాలి పడ్డ, గంతే. గా జాలి ఆమె నెత్తి మీద వడ్డది. ఇప్పుడు మల్ల తెరువుమంటే నా చెయ్యి వోతలేదు.”

 టీ చల్లారింది.

“ఐలయ్య గారూ, ఆ రోజు మీరు తలుపు తీయడం తప్పు కాదండీ” అన్నారామె చివరకు. “లోపల గోడలు లేవు, అదీ తప్పు. ఒక్క తలుపు తీస్తే ఇల్లంతా బయటపడేలా ఉంది అప్పుడు. ఇప్పుడు అలా లేదు కదా. మీరు ఈ మూడేళ్ళూ పిల్లల్ని గుమ్మం బయట నిలబెట్టి కాపాడారు. గుమ్మం బయట నిలబడ్డవాళ్ళకి ఏం వస్తుంది చెప్పండి? రేపు ఆ కంపెనీవాళ్ళు అడిగితే వాళ్ళు తెల్లమొహం వేస్తారు. సుమశ్రీకి జరిగిందే వీళ్ళందరికీ జరుగుతుంది, కాకపోతే చెరిపేసినవాడంటూ ఎవడూ ఉండడు.”

ఐలయ్య గారు చల్లారిన టీ తాగి, పైకి వచ్చి, బయటి యంత్రం ముందు కూర్చొని, ఆ అనుమతిని తమ చేత్తో మంజూరు చేశారు. డేటాబేస్ సర్వర్ ఊపిరి పీల్చుకొని లేచింది.

కథ ఇక్కడితో సుఖాంతమైందని వ్రాయాలని ఈ వ్యాసకర్తకు ఎంతో కోరికగా ఉంది. కాని, సుఖాంతానికి ఐలయ్య గారి నిష్పాక్షికత అడ్డు వచ్చింది. ఏ విద్యార్థికీ ఎక్కువా తక్కువా ఉండరాదన్న పట్టుదలతో ఆయన మొదటి గదిని అచ్చుగుద్దినట్టుగా నకలు తీసి మిగిలిన గదులన్నీ కట్టారు. ఎంత అచ్చుగుద్దారంటే, ప్రతి గదిలోనూ డేటాబేస్‌ను నడిపే వాడుకదారుకు ఒకే సంఖ్య. తత్ఫలితంగా రెండవ గదిలోని డేటాబేస్ లేచీ లేవగానే, ఉమ్మడి స్థలంలో మొదటి గదివారు పరుచుకున్న చోటును చూసి, యజమాని సంఖ్య తనదే కావడం వల్ల, అది తానే మునుపెప్పుడో వదిలివెళ్ళిన చోటని భావించి దానితో పేచీకి దిగింది. హెచ్చరికలో చెప్పిన ప్రమాదం ఇదే. ఐలయ్య గారు లేచి, అనుమతిని రద్దు చేయడానికి చేయి చాచారు కూడా.

“ఒక్క క్షణం ఆగండి” అన్నారు వసుమతి గారు. “అందరికీ ఒకే నంబరు ఎందుకిచ్చారు?”

“అందరు సమానమని.”

“సమానమేనండీ. కానీ వేరువేరు మనుషులు కదా.”

ఆయన చేయి ఆగిపోయింది. ఆ మధ్యాహ్నమంతా కూర్చొని, గది గదికీ వేరు సంఖ్యను కేటాయిస్తూ అన్నింటినీ మళ్ళీ సరిదిద్దారు. సంఖ్యలు వేరు కాగానే ఎవరి చోటు ఎవరిదో డేటాబేస్‌లకు స్పష్టమై, ఇరుగుపొరుగుల తగవు తీరిపోయింది. ఆ గ్రంథంలోనే ఎక్కడో చిన్న అక్షరాలలో ఉన్న ఈ జాగ్రత్తను మన సంస్థలో ఇప్పుడు మొదటి పాఠంగా చెబుతున్నాం.

సోమవారం సాయంత్రం అమీర్‌పేటలో తరగతి మొదలైంది. ప్రతి విద్యార్థి చేతికీ ఒక గది, ఆ గది పాస్‌వర్డ్ అందాయి. పంజాగుట్టలో ఐలయ్య గారు తెర ముందు ఒంటరిగా కూర్చొని ఉన్నారు. తరగతి సగంలో ఉండగా, మూడవ గది తాలూకు డేటాబేస్ హఠాత్తుగా ఆరిపోయింది. తారక్ అనే యువకుడు, ఉత్సాహం కొద్దీ, డేటాబేస్ తన సమస్త విషయాలనూ భద్రపరుచుకునే అర మొత్తాన్నీ చెరిపివేశాడు. ఒక్క క్షణంలో తరగతిలోని టెలిఫోను మోగింది. తరగతి యావత్తూ బిగుసుకుపోయింది. ఐలయ్య గారి సంగతి అక్కడ తెలియనివారు లేరు. తారక్ అప్పటికే తన పుస్తకాలు సర్దుకుంటున్నాడట.

“మేడం, మూడో రూం వడ్డది.”

“అవునండీ. చిన్నపిల్లాడు, తెలియక...”

“గా ముచ్చట కాదు. పక్క రూములు నడుస్తున్నయా?”

వసుమతి గారు తరగతిలో అటూ ఇటూ చూసి, ప్రతి ఒక్కరినీ అడిగి, నడుస్తున్నాయని చెప్పారు. 

“ఆఫీసుది? రిజల్ట్స్ సుత మంచిగనే ఉన్నయా?”

“అన్నీ ఉన్నాయి ఐలయ్య గారూ. నేను ఇప్పుడే ఇక్కడ తెరిచి చూశాను.”

“గట్లయితే గా పిల్లగానికి జెప్పుండ్రి మేడం,” అన్నారు ఐలయ్య గారు, “మల్లొక్కసారి వడగొట్టుమని. నేను లేపి ఇస్త, మల్ల వడగొట్టుమను. నేను జూడాలె.”

తారక్ మళ్ళీ కూల్చాడు. ఆనాడు ఆ గది మూడుసార్లు కూలింది, మూడుసార్లు లేచింది. నాలుగవసారి కూల్చమని కోరగా, ఇక నావల్ల కాదు సార్ అని తారక్ చేతులెత్తేశాడు. పక్క గదులలోని వారికి ఈ సంగతి తరగతి ముగిసేదాకా తెలియనే తెలియదు. ఇంటికి వెళ్ళి ఐలయ్య గారు సుష్టుగా భోజనం చేశారని సత్తెమ్మ గారి సాక్ష్యం.

ఆ మరునాటి నుండి ఒక సంప్రదాయం ఏర్పడింది. ఎవరు తమ గదిని కూలుస్తారో వారు షేరు ఆటో ఎక్కి పంజాగుట్టకు వచ్చి, ఐలయ్య గారి పక్కన కూర్చొని, దానిని తమ చేతులతో తిరిగి కట్టుకోవాలి. టైపు మిషన్ల కాలం నాటి పద్ధతే, కాకపోతే ఇప్పుడు చూస్తూ కూర్చోవడం కాదు, తామే చేయి పెట్టాలి. మధ్యలో ఆయన టీ తెప్పించేవారు. కొద్ది రోజులకే విద్యార్థులు ఈ రహస్యం కనిపెట్టి, పంజాగుట్ట టీ కోసం కావాలనే తమ గదులను కూల్చుకోవడం ఆరంభించారు. వసుమతి గారు ఫిర్యాదు చేయగా, “కూలగొట్టుడు సుత చదువే మేడం” అని ఆయన సెలవిచ్చారు. సంస్థలో ఆనాడు ఈ వాక్యాన్ని విన్నవారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కంపెనీవారు వచ్చి ఆ బ్యాచిలో తమకు కావలసినవారిని ఎంచుకొని వెళ్ళారు. చలపతిరావు గారు సర్వర్ గది మూసివేత ప్రస్తావన మరి తేలేదు.

తదనంతర కాలంలో ఐలయ్య గారు ప్రధాన వ్యవస్థాధికారిగా పదోన్నతి పొంది, అమీర్‌పేట, పంజాగుట్ట శాఖలు రెంటికీ ఆ గదుల పద్ధతిని విస్తరింపజేసి, ఎన్నో బ్యాచిలను తీర్చిదిద్దారు. దేశంలోని ఏ నగరానికి వెళ్ళినా, ఏదో ఒక కార్యాలయంలో ఎవరో ఒకరు లేచి వచ్చి, తాము పంజాగుట్టలో ఐలయ్య సార్ దగ్గర గది కట్టామని చెప్పడం మనలో చాలామందికి అనుభవమే. గృహస్థుగానూ వారు ధన్యులు. యూసుఫ్‌గూడలో చిన్నదైనా సొంత ఇల్లు కట్టుకున్నారు; కుమార్తె చిరంజీవి సౌభాగ్యవతి సుకన్య బ్యాంకులో ఉద్యోగిని. “ఆయినె రిటైరైనంక ఇంట్ల కంప్యూటర్ ముందట నన్ను కూసోవెడతడేమో, గదే నా భయం” అని సత్తెమ్మ గారు మొన్న నవ్వుతూ అన్నారు. ఆ భయం నిరాధారమని చెప్పడానికి ఈ వ్యాసకర్తకు ధైర్యం చాలడం లేదు.

ఈ సంచిక అచ్చుకు వెళ్ళే ముందు జరిగిన ఒక సంఘటనతో ఈ వ్యాసాన్ని ముగించడం ఉచితం. గత వారం బాధ్యతల అప్పగింత జరిగింది. ఐలయ్య గారి స్థానంలోకి వస్తున్న శ్రీ మహేశ్, వారి వద్దనే ఆరేళ్ళుగా పనిచేస్తున్న సమర్థుడు. పాస్‌వర్డ్‌లన్నీ మార్చడం, తాళాలు అప్పగించడం పూర్తయ్యాక చివరి పని ఒకటి మిగిలింది. సర్వరులో ఐలయ్య గారి పేరును, దానికున్న అధికారాలతో సహా తొలగించాలి. అది నియమం, ఆ నియమం పెట్టినది కూడా ఆయనే. మహేశ్ కీబోర్డు మీద చేతులు పెట్టి అలాగే ఉండిపోయారు.

“ఉండనియ్యిండ్రి సార్. మీ పేరు ఉంటే ఏమైతది? ఎవలు అడుగుతరు?”

“నొక్కు మహేశ్. నేను బయటున్నా గది నడవాలె. గందుకే గద కట్టినం.”

మహేశ్ నొక్కారు. ఐలయ్య గారు కుర్చీని ముందుకు జరుపుకొని, అలవాటైన తమ పేరును, అలవాటైన పాస్‌వర్డ్‌ను టైపు చేశారు. సర్వరు నిరాకరించింది. మరొకసారి టైపు చేశారు. మళ్ళీ నిరాకరించింది. అక్కడున్న మనమందరం నేల చూపులు చూస్తుండగా, ఐలయ్య గారు వెనక్కి వాలి, ఇరవై ఏడేళ్ళలో మనలో ఎవరూ విననంత గట్టిగా నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

“నన్ను సుత రానిస్తలేదు! మంచిగ కట్టినం మహేశ్, మస్తు మంచిగ కట్టినం.”

రెండువేల పదకొండవ సంవత్సరం, జూన్ ముప్పయ్యవ తేదీన పదవీ విరమణ చేస్తున్న శ్రీ ఐలయ్య గారు, శ్రీమతి సత్తెమ్మ గారి సాహచర్యంలో, బిడ్డలూ మనుమలూ చుట్టూ తిరుగుతుండగా, మంచి ఆకలితో, మంచి నిద్రతో, ఏ చింతా లేని నిండు నూరేళ్ళ జీవితాన్ని గడపాలని మన సంస్థ యావత్తూ మనసారా కోరుకుంటోంది. పంజాగుట్టలో ఆ సర్వరు ఇకపై వారిని గుర్తుపట్టదు. మనం గుర్తుపడతాం. ఏ రోజైనా, ఏ వేళనైనా వచ్చి మహేశ్ పక్కన కూర్చోండి సార్, టీ మేము తెప్పిస్తాం.

— హనుమత్ప్రసాద్,
పరీక్షల విభాగం,
సహోద్యోగులందరి పక్షాన